మద్దతు ఆపితే ఆపండి, వేసిన తాళాలు తీసి వెళ్ళండి: కంప్యూటర్ కంపెనీలకు బహిరంగ లేఖ

మన దేశంలో ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు అమ్ముతున్న తయారీ సంస్థలకు, వాటిలో విండోస్ వేసి ఇచ్చే మైక్రోసాఫ్ట్‌కు,

నమస్కారం.

పాత కంప్యూటర్లను బాగుచేసి మళ్ళీ వాడకంలోకి తెచ్చే టెక్నీషియన్లు, కాలేజీ ల్యాబులు చూసుకునే సిస్టమ్ అడ్మిన్‌లు కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మేం అడిగేవి ముఖ్యంగా రెండు. ఒక కంప్యూటరుకు సాఫ్ట్‌వేర్ మద్దతు ఏ సంవత్సరం ఏ నెలతో ఆగిపోతుందో అమ్మే రోజే పెట్టె మీద రాయండి. ఆ నెల వచ్చాక తప్పుకోదలిస్తే తప్పుకోండి, కానీ ఆ మెషీనుకు మీరు వేసిన తాళాలు, అంటే కొత్త యజమానిని అడ్డుకునే పాస్‌వర్డ్‌లు, కీలు, తీసి వెళ్ళండి.

మద్దతు కలకాలం ఇవ్వాలని మేం అనడం లేదు. అది ఎందుకు ఆగుతుందో రోజూ మా చేతుల్లోనే చూస్తుంటాం. ఒక మామూలు ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పితే ప్రాసెసర్ ఒక కంపెనీది, వైఫై కార్డు ఇంకొకరిది, సౌండ్ చిప్పు, టచ్‌ప్యాడ్, కార్డ్ రీడర్, వేలిముద్ర సెన్సర్ తలా ఒకరివి. ప్రతిదానికీ దాన్ని విండోస్‌తో మాట్లాడించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. వాటన్నిటి కింద, మెషీను ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్ ఉంటుంది. ఆ బయోస్ కూడా చాలా మోడళ్ళలో ఏఎంఐ, ఫీనిక్స్, ఇన్‌సైడ్ లాంటి సంస్థల దగ్గర లైసెన్సు తీసుకుని, పైన కొన్ని మార్పులు చేసుకున్నదే. ఇంకా కింద ప్రాసెసర్ లోపల దాని పనిని నడిపే చిన్న కోడ్, మైక్రోకోడ్. విండోస్‌లో కెర్నెల్, అంటే దాని కేంద్ర భాగం, మారిన ప్రతిసారీ ఈ వరసంతా మళ్ళీ పరీక్షించుకోవాలి. టచ్‌ప్యాడ్ చిప్పు చేసినవాళ్ళు ఆ చిప్పును వదిలేశారంటే దాని డ్రైవర్ సోర్స్ కోడ్ ల్యాప్‌టాప్ కంపెనీ దగ్గర ఉండదు. అప్పుడు ల్యాప్‌టాప్ మీద బ్రాండ్ పేరున్న కంపెనీ కూడా ఏమీ చేయలేదు. ఇది నిజమైన ఇబ్బందే.

2018 జనవరిలో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. వాటిని పూర్తిగా కప్పాలంటే విండోస్ అప్‌డేట్ ఒక్కటే చాలదు, మైక్రోకోడ్ కూడా మారాలి. ఆ ఏప్రిల్‌లో ఇంటెల్ పెన్రిన్, యార్క్‌ఫీల్డ్, బ్లూమ్‌ఫీల్డ్ వంటి కొన్ని ప్రాసెసర్ కుటుంబాలకు ఇక మైక్రోకోడ్ ఇవ్వబోమని చెప్పేసింది. అవి చాలావరకు 2007, 2010 మధ్య వచ్చిన చిప్పులు. దాని మీద మాకు ఫిర్యాదు లేదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాలు ప్రాసెసర్‌లో లేకపోతే సిస్టమ్ అసలు బూట్ కాదు, అందుకని కోర్ 2 డ్యుయో మెషీన్లు బయటికి పోయాయి. దాన్నీ ఒప్పుకుంటాం. ఆ ఆదేశాలు ఇంటెల్‌లో 2008 చివర్లో వచ్చిన నెహాలెమ్ నుంచీ ఉన్నాయి. అంత పాత మెషీను కోసం అందరి కోడ్‌నూ కట్టి ఉంచమనడం న్యాయం కాదు.

మా అభ్యంతరం గీత ఎక్కడ గీశారన్న దాని మీద.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ఆగింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరస, లేదా వాటి తర్వాతివి కావాలన్నారు. రహస్య కీలను దాచే భద్రతా సదుపాయం టీపీఎం 2.0 ఉండాలి, సంతకం ఉన్న కోడ్‌తోనే మెషీను మొదలయ్యే సెక్యూర్ బూట్ చేయగలగాలి అన్నారు. ఇప్పుడు ఐ5-7200యూ, ఐ5-8250యూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది 7వ తరం, విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో లేదు. రెండోది 8వ తరం, ఉంది. రెండిటి లోపలా ఉన్నది కేబీ లేక్ కోర్లే. 7200యూలో రెండు కోర్లు, 8250యూలో నాలుగు. వేగంలో తేడా ఉంది, నిజమే. భద్రతకు సంబంధించిన నిర్మాణంలో మాత్రం ఈ గీతకు తగిన తేడా మాకు కనబడలేదు. టీపీఎం 2.0 అంటారా, విండోస్ 10తో వచ్చే కొత్త మెషీన్లలో అది ఉండి తీరాలని 2016 జులై 28 నుంచి మైక్రోసాఫ్టే నియమం పెట్టింది. కాబట్టి 7వ తరం ల్యాప్‌టాప్‌లలో అది ఉంది. చాలావాటిలో ఇంటెల్ పీటీటీ అన్న పేరుతో బయోస్‌లో కనబడుతుంది.

విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంది. సంతకం లేని కోడ్ కెర్నెల్‌లోకి దూరకుండా వర్చువలైజేషన్ సాయంతో కాపలా కాస్తుంది. ఇది నెమ్మదించకుండా నడవాలంటే ఇంటెల్‌లో ఎంబీఈసీ, ఏఎండీలో జీఎంఈటీ అనే సదుపాయం సిలికాన్‌లోనే ఉండాలి. లేకపోతే అదే పనిని సాఫ్ట్‌వేర్ అనుకరించాలి, దాంతో మెషీను బరువెక్కుతుంది. గట్టి కారణమే. కాకపోతే ఎంబీఈసీ ఇంటెల్‌లో 7వ తరం కేబీ లేక్ నుంచే ఉంది. జీఎంఈటీ ఏఎండీలో జెన్ 2 నుంచి ఉంది. రైజెన్ 2000 డెస్క్‌టాప్ చిప్పులు జెన్ ప్లస్, అంటే అంతకు ముందువి. ఉన్నదాన్ని బయట పెట్టి, లేనిదాన్ని లోపలికి రానిచ్చారు. ఇదే కారణమైతే గీత ఇక్కడ పడదు.

తెలుగు ఊళ్ళలో ఎక్కువ కనబడేది ఐ3-7020యూ. 2018లో వచ్చిన చిప్పు ఇది. జాబితాలో ఉన్న ఐ5-8250యూ అంతకు ముందే, 2017 ఆగస్టులో వచ్చింది. ముందొచ్చింది లోపల, వెనకొచ్చింది బయట! ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలకు తక్కువ ధరలో వస్తుందని ఆ ఐ3 ల్యాప్‌టాప్‌లను తల్లిదండ్రులు కొన్నారు. ఆ మెషీను 2018లో కొన్నవాళ్ళకు విండోస్ 11 ప్రకటన 2021 జూన్‌లో వచ్చేసరికి మూడేళ్ళు, ఉచిత అప్‌డేట్లు ఆగేసరికి ఏడేళ్ళు. ఆ తర్వాత, అంగడిలో మిగిలిన స్టాకు నుంచి కొన్నవాళ్ళకు ఇంకా తక్కువ. కొనే రోజున ఈ సంగతి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. డీలర్‌కే తెలియదు, పాపం అతన్ని అని ఏం లాభం?

2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఒక లెక్క చెప్పింది. అర్హత లేని మెషీన్లలో కెర్నెల్ క్రాష్‌లు 52 శాతం ఎక్కువట, అర్హత ఉన్నవాటిలో 99.8 శాతం వాడకం క్రాష్ లేకుండా సాగిందట. ఆ సంఖ్యను మేం కొట్టిపారేయం. కానీ పదేళ్ళ నాటి గ్రాఫిక్స్ డ్రైవర్‌తో నడిచే పాత డెస్క్‌టాప్, కొత్త తరహా డీసీహెచ్ డ్రైవర్లున్న 7వ తరం ల్యాప్‌టాప్ రెండూ ఆ సగటులో కలిసిపోయాయి. తరాల వారీ లెక్క ఆ ప్రకటనలో లేదు. అదే ప్రకటనలో 7వ తరానికే చెందిన ఐ7-7820హెచ్‌క్యూను మాత్రం, డీసీహెచ్ డ్రైవర్లతో వచ్చిన కొన్ని మోడళ్ళకు, జాబితాలో చేర్చారు. మైక్రోసాఫ్ట్ సొంత సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్నది ఆ చిప్పే. డ్రైవర్లు సరిగ్గా ఉంటే 7వ తరం నడుస్తుందని మీరే ఒప్పుకున్నట్టయింది కదా. మిగతా 7వ తరం మోడళ్ళకు అదే పరీక్ష పెట్టి, నెగ్గినవాటిని చేర్చి ఉండాల్సింది.

ఇక డబ్బు సంగతి. విండోస్ 10 కోడ్‌ను ఎవరూ మూలన పడేయలేదు. ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే విండోస్ 10 రకానికి 2032 జనవరి 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఈఎస్‌యూ అనే పొడిగింపు కింద సంస్థలకు మొదటి ఏడాది మెషీనుకు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ళ దాకా. విద్యాసంస్థలకు మొదటి ఏడాది 1 డాలరు, తర్వాత 2, ఆ పైన 4. ఇంట్లో వాడుకునేవాళ్ళకు 2026 అక్టోబరు 13 దాకా 30 డాలర్లు, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి సెట్టింగులు బ్యాకప్ చేస్తే ఉచితం. యూరప్ ఆర్థిక ప్రాంతంలో ఉన్నవాళ్ళకు ఆ బ్యాకప్ షరతు కూడా లేదు. అక్కడ తీసేయగలిగిన షరతును ఇక్కడ ఎందుకు ఉంచారు? ప్యాచ్ ఒకటే, దాన్ని రాసే ఇంజినీర్లు వాళ్ళే.

ప్యాచ్ తయారై ఉండీ అందరికీ అందకపోతే ఏమవుతుందో 2017లో చూశాం. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగింది. 2017 మేలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే మాల్‌వేర్ విరుచుకుపడ్డాక, అప్పటిదాకా ప్రత్యేక ఒప్పందంతో డబ్బు కట్టేవాళ్ళకే ఇస్తున్న ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అందరికీ తెరిచింది. ఆ దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా స్తంభించాయి. వన్నాక్రైకి ఎక్కువగా బలైంది ప్యాచ్ వచ్చినా వేసుకోని విండోస్ 7 మెషీన్లే, అది అడ్మిన్‌ల బాధ్యత. కానీ మద్దతు ఆగిన సిస్టమ్‌లో అలా వేసుకునే దారి కూడా ఉండదు. పైగా విండోస్ 11కు వచ్చిన ప్యాచ్‌ను విప్పి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. రెండిటి పునాది చాలావరకు ఒకటే కాబట్టి ఆ లోపం ప్యాచ్ లేని విండోస్ 10లోనూ ఉండే అవకాశం ఎక్కువ. ప్రతి నెలా రెండో మంగళవారం దాటగానే దాడి చేసేవాళ్ళు చేసే పని ఇదే.

సికింద్రాబాద్ సీటీసీలో, పార్క్‌లేన్‌లో రిఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లు కొనే విద్యార్థులకు ఈ గీత నేరుగా తగులుతుంది. ఐటీ కంపెనీల లీజు తీరి వచ్చిన 6వ, 7వ తరం బిజినెస్ ల్యాప్‌టాప్‌లు గట్టివి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేస్తే డిగ్రీ చదువుకు, కోడింగ్ నేర్చుకోవడానికి చాలినంత పని చేస్తాయి. బ్యాటరీ, కీబోర్డు, హింజ్ మేం మార్చగలం. మార్చలేనివి మీరు వేసిన తాళాలు.

ఆ తాళాల్లో మొదటిది బయోస్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్. లీజుకిచ్చిన సంస్థ మారిపోయాక అది ఎవరికీ గుర్తుండదు. కొత్త మోడళ్ళలో బ్యాటరీ తీసినా, సీమాస్ సెల్ పీకినా పోదు, విడి మెమరీ చిప్పులో నిలిచి ఉంటుంది. చాలామంది చివరికి మదర్‌బోర్డు మార్చమంటారు, అంటే మెషీను చచ్చినట్టే. రెండోది ఆటోపైలట్, కంపెనీలు తమ మెషీన్లను నెట్ ద్వారా తమ అదుపులో ఉంచుకునే మైక్రోసాఫ్ట్ సేవ. పాత యజమాని తన జాబితా నుంచి మెషీను గుర్తింపును తీసేయకపోతే, ఎన్నిసార్లు విండోస్ కొత్తగా వేసినా నెట్ తగలగానే ఆ కంపెనీ లాగిన్ అడుగుతుంది. దొంగతనం ఆపడానికి ఇవి అవసరమే. చట్టబద్ధంగా కొన్న రిఫర్బిషర్ బిల్లు చూపిస్తే తాళం తీసే దారి ఒకటి ఉండాలంటున్నాం.

మూడోది అన్నిటికంటే కఠినం, బూట్ గార్డ్. ఇంటెల్ 4వ తరం నుంచి ఉన్న ఈ సదుపాయాన్ని వాడిన మోడళ్ళలో, తయారీదారు కీ తాలూకు హ్యాష్‌ను, అంటే దాని గుర్తును, ఫ్యాక్టరీలోనే చిప్‌సెట్ ఫ్యూజుల్లో కాల్చేస్తారు. ఆ కీతో సంతకం చేయని బయోస్‌ను ప్రాసెసర్ నడపదు. మద్దతు ఉన్నన్నాళ్ళూ ఇది మంచి రక్షణ. మీరు అప్‌డేట్లు ఆపేశాక బయోస్‌లో లోపం బయటపడితే కోర్‌బూట్ లాంటి స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ రాసేవాళ్ళు ముందుకొచ్చినా దాన్ని ఆ మెషీనులో పెట్టలేరు. ఫ్యూజు వెనక్కి తిరగదు, తెలుసు. కాబట్టి మోడల్‌ను వదిలే ముందు చివరి అప్‌డేట్‌గా, మెషీను యజమాని ఎక్కించుకున్న కీని కూడా నమ్మే బయోస్‌ను మీ కీతో సంతకం చేసి విడుదల చేయండి. మెషీను ముందు కూర్చుని, మదర్‌బోర్డు మీద జంపర్ పెడితేనే అది మేలుకునేలా చేస్తే దూరం నుంచి దుర్వినియోగం చేసే వీలుండదు.

బయోస్ అప్‌డేట్ ఆగడం వల్ల వచ్చే చిక్కు ఇప్పుడే ఎదురవుతోంది. సెక్యూర్ బూట్ కోసం 2011లో ఇచ్చిన మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్, అక్టోబరు మధ్య తీరుతుంది. వాటి స్థానంలో 2023 సర్టిఫికెట్లు ఎక్కాలి. మద్దతున్న విండోస్‌కు అవి అప్‌డేట్‌తో వస్తాయి, కొన్ని మోడళ్ళలో అందుకు బయోస్ కూడా సహకరించాలి. అవి ఎక్కని మెషీను ఆ రోజుతో ఆగిపోదు, ఎప్పటిలాగే బూట్ అవుతుంది. కాకపోతే బూట్ మేనేజర్‌లో తర్వాత బయటపడే లోపాలకు మందు అందదు. కొత్త సర్టిఫికెట్‌తో మాత్రమే సంతకం చేసిన లినక్స్ బూట్‌లోడర్లు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగా లేవవు. పాత మెషీనుకు లినక్స్ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

లినక్స్ మేమూ వేస్తాం. ఉబుంటు, మింట్ 7వ తరం మెషీన్ల మీద హాయిగా నడుస్తాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, లిబ్రే ఆఫీస్ అన్నీ ఉన్నాయి. ప్రోగ్రామింగ్ ల్యాబుకు అదే మేలు కూడా. కానీ కిరాణా హోల్‌సేల్ కొట్టుకు ట్యాలీ కావాలి, అది విండోస్ మీదే నడుస్తుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో ఏళ్ళ తరబడి చేసిన ఫైళ్ళున్నాయి. సేవా కేంద్రంలో వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్, వాటి డ్రైవర్లు. వీళ్ళకు లినక్స్ జవాబు కాదు. కొందరికి విండోస్ 11 కూడా జవాబు కాదు, ఎందుకంటే దానికి 32 బిట్ రకం లేదు. 32 బిట్ డ్రైవర్ మాత్రమే ఉన్న పాత పరికరం 64 బిట్ విండోస్ మీద పని చేయదు. ఆ మాటకొస్తే లినక్స్‌లోనూ గీతలున్నాయి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు. అక్కడ తేడా ఏమిటంటే చర్చ అందరి ముందూ జరుగుతుంది, కోడ్ అందరి దగ్గరా ఉంటుంది.

ఇది చదువుతున్న పాఠకులకు పనికొచ్చే మాట ఒకటి చెప్పి మళ్ళీ కంపెనీల దగ్గరికి వస్తాం. "ఈ పీసీ పనికిరాదు" అని విండోస్ చెప్పగానే అమ్మేయకండి. ముందు ప్రాసెసర్ పేరు చూడండి. 8వ తరమో ఆ పైనో అయితే సమస్య తరచుగా సెట్టింగులదే. రన్ పెట్టెలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని కొడితే టీపీఎం ఉందో లేదో, వెర్షన్ 2.0 అవునో కాదో తెలుస్తుంది. విడి భాగాలతో కట్టించుకున్న డెస్క్‌టాప్‌లలో అది ఉండీ ఆపేసి ఉంటుంది. బయోస్‌లో ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం ఆన్ చేయాలి. తర్వాత సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ లెగసీ అని ఉంటే డిస్కు విభజన పద్ధతిని పాత ఎంబీఆర్ నుంచి కొత్త జీపీటీకి మార్చాలి. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్‌టూజీపీటీ పరికరం డేటా పోకుండా ఈ పని చేస్తుంది. ముందు వ్యాలిడేట్, అది నెగ్గాకే కన్వర్ట్. డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లున్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. సీ, డీ, ఈ అని డిస్కును ముక్కలు చేసే అలవాటు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. మార్పిడి అయ్యాక బయోస్‌లో లెగసీ తీసి యూఈఎఫ్ఐ పెట్టండి, లేకపోతే మెషీను బూట్ కాదు. డిస్కును రహస్య లిపిలో ఉంచే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే వీటన్నిటికంటే ముందు దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్పు చూడగానే అది కీ అడుగుతుంది, కీ లేకపోతే డేటా పోయినట్టే.

7వ తరం, అంతకు ముందువి అయితే విండోస్ 10ను దాని ఆఖరి వెర్షన్ 22హెచ్2కు తెచ్చి ఈఎస్‌యూలో చేర్చండి. ఒక ఖాతా మీద పది మెషీన్ల దాకా చేర్చవచ్చు. డొమైన్‌లో కలిపిన ల్యాబు మెషీన్లకు ఈ గృహ పథకం వర్తించదు, కాలేజీలు విద్యాసంస్థల లైసెన్సు దారిలో తీసుకోవాలి. మొదటి ఏడాది మెషీనుకు సుమారు వంద రూపాయలు, తర్వాత ఏటా రెట్టింపైనా యాభై కంప్యూటర్ల ల్యాబుకు అది భారం కాదు. కాలేజీ యాజమాన్యాలు ఈ మాట విని ఉండకపోవచ్చు, ల్యాబు చూసేవాళ్ళు అడిగి చేయించుకోండి.

కంపెనీలకు మళ్ళీ. గడువు తేదీ ముందే చెప్పడం సాధ్యం కాదనకండి. యూరప్ సైబర్ రెసిలియన్స్ చట్టం ప్రధాన నిబంధనలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. మామూలుగా కనీసం ఐదేళ్ళ మద్దతు, కొనే సమయంలోనే మద్దతు ముగిసే నెల, సంవత్సరం స్పష్టంగా చెప్పడం అందులో ఉన్నాయి. అక్కడ అమ్మే ల్యాప్‌టాప్‌కు ఆ తేదీ మీరు ఎలాగూ నిర్ణయించాలి, ఇక్కడి పెట్టె మీద దాన్ని అచ్చు వేయడానికి సిరా ఖర్చు తప్ప ఏముంది? క్రోమ్‌బుక్‌లకు గూగుల్ అప్‌డేట్లు ఆగే తేదీని మోడల్ వారీగా ప్రకటిస్తోంది, 2021 నుంచి వచ్చినవాటికి పదేళ్ళు ఇస్తోంది. అందులో లోటు ఒకటుంది. పదేళ్ళను ఆ ప్లాట్‌ఫామ్ మొదట విడుదలైన రోజు నుంచి లెక్కపెడతారు, మూడేళ్ళ తర్వాత కొన్నవాళ్ళకు ఏడే మిగులుతాయి. మీరు ఆ పొరపాటు చేయకండి. లెక్క ఆఖరి మెషీను అమ్ముడైన నెల నుంచి మొదలుకావాలి. ఐ3-7020యూ కొన్నవాళ్ళకు జరిగింది అప్పుడే మళ్ళీ జరగదు.

పాత డ్రైవర్లను, బయోస్ ఫైళ్ళను వెబ్‌సైట్ నుంచి తీసేయకండి. 2019లో ఇంటెల్ తన పాత డెస్క్‌టాప్ బోర్డుల ఫైళ్ళను తొలగించాక జనం ఎవరో ఎక్కడో దాచిన కాపీల మీద ఆధారపడుతున్నారు. అందులో ఏది అసలుదో, ఏది మాల్‌వేర్ కలిపిందో తేల్చుకోవడం కష్టం. ఫైళ్ళు, అవి అసలువో కాదో తేల్చే షా-256 చెక్‌సమ్‌లు ఉంచండి చాలు. సర్వర్ ఖర్చు బరువనిపిస్తే ఎల్‌వీఎఫ్‌ఎస్ లాంటి ఉమ్మడి ఫర్మ్‌వేర్ నిల్వకు అప్పగించండి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మన ఈ-వ్యర్థాల నిబంధనల్లో రిఫర్బిషర్లకు గుర్తింపు ఉంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు ఉంది. బిల్లు చూపించి బయోస్ తాళం తీయమని అడిగేవాళ్ళను ఆ నమోదుతో సరిచూసుకోవచ్చు. కొత్తగా వ్యవస్థ కట్టాల్సిన పని లేదు.

మొదటి మెట్టుగా ఒక పని ఈ ఏడాదే చేయండి. మీ భారతీయ వెబ్‌సైట్‌లో 2016 తర్వాత ఇక్కడ అమ్మిన ప్రతి మోడల్‌కూ ఒక వరస చొప్పున పట్టిక పెట్టండి. మోడల్ సంఖ్య, ఇక్కడ ఆఖరిసారి అమ్మిన నెల, బయోస్ అప్‌డేట్లు ఆగే నెల, 2023 సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లు ఎక్కుతాయా లేదా, బూట్ గార్డ్ ఫ్యూజు కాల్చారా లేదా, బయోస్ పాస్‌వర్డ్ తీయించుకోవడానికి ఎవరికి రాయాలి. ఈ వివరాలన్నీ మీ ఇంజినీర్ల దగ్గర ఇప్పటికే ఉంటాయి. ఆ పట్టికను తెలుగులోనూ పెడితే మా ఊళ్ళ డీలర్లు దాన్ని ప్రింటు తీసి కౌంటరు మీద ఉంచుకుంటారు.

ఇట్లు,
పాత కంప్యూటర్లు బాగుచేసే టెక్నీషియన్లు, కాలేజీ ల్యాబుల సిస్టమ్ అడ్మిన్‌లు
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్